ఫిట్స్ వచ్చి నిద్రలోనే పోతారా, డాక్టరు గారూ?

నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం కాబట్టి ఈ సంచికకు ఫిట్స్ మీద, మెదడులో గడ్డల మీద ప్రశ్నలు పంపమని సంపాదకులు పోయిన నెల అడిగారు. ఉత్తరాల కట్ట పెద్దదే వచ్చింది. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు. ఒకే ప్రశ్న చాలామంది అడిగినచోట వివరంగా రాసినవారి ఉత్తరం తీసుకున్నాను. పేర్లు తీసేశాను, ఊళ్లు ఉంచాను. తాయెత్తు పని చేస్తుందా అని అడిగినవారికి జవాబు ఇక్కడే: చెయ్యదు.

"మా అబ్బాయికి 19 ఏళ్లు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాడు. పదో తరగతి నుంచి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతున్నా ఏడాదికి మూడు నాలుగుసార్లు నిద్రలో వస్తున్నాయి. వాళ్ల హాస్టల్లోనే పై అంతస్తు కుర్రాడొకడు మొన్న పొద్దున లేవలేదు. అతనికీ ఫిట్స్ ఉండేవట. అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఇన్నేళ్లలో మా డాక్టరు గారు ఈ మాటే ఎత్తలేదు. ఫిట్స్‌తో నిద్రలో ప్రాణం పోతుందా?" (ఒక తల్లి, నరసరావుపేట)

పోతుందమ్మా. అరుదుగానే, కానీ పోతుంది. మీ డాక్టరు ఒక్కరే కాదు, చాలామంది ఈ మాట చెప్పరు. ఎలాగూ బెంగతో వచ్చిన కుటుంబానికి ఇంకో బెంగ ఎందుకని వాళ్ల వాదన. నేను దాన్ని ఒప్పుకోను. షుగరు ఉన్నవాళ్లకి కాలు తీసేయాల్సి రావచ్చని మొహం మీదే చెప్తాం, బీపీ మాత్ర మానితే పక్షవాతం వస్తుందని గదమాయిస్తాం. ఫిట్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మౌనం. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ ప్రమాదాన్ని రోగికీ ఇంటివాళ్లకీ చెప్పమనే అంటున్నాయి.

వైద్యంలో దీన్ని 'సూడెప్' అంటారు. ఫిట్స్ తప్ప మిగతా ఆరోగ్యం బాగానే ఉన్న మనిషి, నీళ్లలో పడటం, దెబ్బ తగలడం లాంటిదేమీ లేకుండా ఉన్నట్టుండి చనిపోతే, పోస్ట్‌మార్టంలో కూడా వేరే కారణం కనిపించకపోతే ఆ పేరు పెడతారు. పెద్దవాళ్లలో ఏడాదికి, ఫిట్స్ ఉన్న ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరు ఇలా పోతున్నారు. పిల్లల్లో 4,500 మందికి ఒకరని 2017 మార్గదర్శకాల్లో ఉంది గానీ, స్వీడన్ నుంచి, కెనడాలోని ఒంటారియో నుంచి ఆ తర్వాత వచ్చిన లెక్కల్లో పిల్లల్లోనూ ఇంచుమించు పెద్దవాళ్లంతే తేలింది.

ఆ వెయ్యిలో ఒకరు ఎవరన్నది పూర్తిగా తలరాత కాదు. నేను మీకు ముఖ్యంగా చెప్పదలిచింది ఇదే. ఒళ్లంతా బిగుసుకుపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, స్పృహ పోయే పెద్ద ఫిట్స్ ఏడాదికి మూడు, అంతకు మించి వచ్చేవారికి, అసలు రానివారికంటే ప్రమాదం సుమారు 15 రెట్లు. 2020లో స్వీడన్ పరిశోధకులు దేశం మొత్తం రికార్డులు తిరగేసి ఇంకో సంగతి తేల్చారు. పెద్ద ఫిట్స్ ఉండి, రాత్రి గదిలో తోడు లేకుండా పడుకునేవారికి ప్రమాదం 67 రెట్లు ఎక్కువ. కాసేపు చూపు నిలిచిపోవడం, చెయ్యి అదరడం లాంటి చిన్న ఫిట్స్ మాత్రమే ఉన్నవాళ్లలో ప్రమాదం పెరిగినట్టు కనపడలేదు. మీ అబ్బాయివి పెద్దవి, రాత్రివి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రాణం ఎలా పోతుందన్నది చాలాకాలం ఊహగానే ఉండేది. గుండె ఆగుతుందని కొందరు, ఊపిరి ఆగుతుందని కొందరు. ఫిట్స్‌ని పగలూ రాత్రీ వీడియోతో, మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే ఈఈజీతో రికార్డు చేసే వార్డులు ఉంటాయి. ఫిలిప్ రివ్లిన్ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు యూరప్, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 147 వార్డుల నుంచి సమాచారం పోగు చేసి 2013లో ప్రచురించారు. ఆ వార్డుల్లో సూడెప్‌తో 16 మంది చనిపోయారు. అందులో 14 మంది రాత్రిపూటే. గుండె, ఊపిరి రికార్డులు సరిగా దొరికినవాటిలో వరస ఒకటే. పెద్ద ఫిట్ ఆగింది. ఊపిరి వేగంగా ఆడింది. మూడు నిమిషాల్లోపే ఊపిరీ గుండే రెండూ తడబడ్డాయి. చివరికి ముందు ఊపిరి ఆగింది, ఆ తర్వాతే గుండె ఆగింది.

ఫిట్ అంటే మెదడులో విద్యుత్తు అదుపు తప్పడం అని మీకు తెలుసు. అది ఆగాక కొందరిలో మెదడు మొత్తం కాసేపు మూగబోతుంది. ఈఈజీ గీత చదునుగా అయిపోతుంది. ఊపిరి తీసుకోమని చెప్పే మెదడు కాండం కూడా ఆ సమయంలో మందగిస్తుందని ఇప్పుడు అనుకుంటున్నారు. 2015లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు చూసింది ఇంకా విచిత్రం. ఆపరేషన్ కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టుకున్న రోగుల్లో అమిగ్డలా అనే చిన్న భాగానికి కొద్దిగా కరెంటు ఇస్తే ఊపిరి ఆగింది. మెలకువగా ఉన్న ఆ రోగులకు తమ ఊపిరి ఆగిందన్న సంగతే తెలియలేదు. ఆయాసం లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. నిద్రలో మనిషి పెనుగులాడకుండా ఎలా పోతాడో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇంకొక సంగతి, పడుకునే తీరు. సూడెప్ మరణాల నివేదికలన్నీ కలిపి చూస్తే నూటికి 73 మంది బోర్లా పడి ఉన్నారు. 1988లో వంద మీటర్లు 10.49 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టిన ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్నర్ గుర్తున్నారా? పదేళ్ల తర్వాత, 38 ఏళ్లకే, నిద్రలో ఫిట్స్ వచ్చి ఊపిరాడక చనిపోయారు. మెదడులో పుట్టుకతో ఉన్న రక్తనాళాల ముడి ఒకటి పోస్ట్‌మార్టంలో బయటపడింది. అంత ఆరోగ్యవంతురాలికి ఇలా ఎందుకైందని లోకం ఆశ్చర్యపోయింది. ఈ మరణానికి కండ బలంతో సంబంధం లేదు.

ఇక చేయాల్సింది. "ఏడాదికి మూడు నాలుగేగా" అని సర్దుకోకండి. లక్ష్యం సున్నా. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. ఫిట్స్ ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. అప్పుడు మూడో మందు, నాలుగో మందు అంటూ ఏళ్లు గడపకుండా మూర్ఛకు ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్ నిమ్స్ ఉంది. తిరువనంతపురం శ్రీచిత్రలో 1995 నుంచి మూర్ఛకు ఆపరేషన్లు చేస్తున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు మందులకు లొంగని 116 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 77 మందికి ఫిట్స్ ఆగిపోయాయి, మందులతోనే ఉన్నవాళ్లలో 7 మందికే ఆగాయి. అందరికీ ఆపరేషన్ కుదరదు. కుదురుతుందో లేదో చూడడమన్నా జరగాలి కదా.

రెండోది, గదిలో తోడు. మీ అబ్బాయిని ఒంటరి గదిలో ఉండనివ్వకండి. సిగ్గుపడి దాచొద్దని చెప్పండి. రూమ్మేట్‌కి నేర్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఫిట్స్ మొదలవగానే టైము చూసుకోవాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏవీ పెట్టకూడదు. చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ, చెప్పు అక్కర్లేదు. ఫిట్ దానంతటదే ఆగుతుంది, తాళాలకు పేరొస్తుంది. అయిదు నిమిషాలైనా ఆగకపోతే డాక్టరు ముందే రాసిచ్చిన మిడజోలం స్ప్రే ముక్కులో కొట్టి 108కి ఫోన్ చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం ఆ తర్వాత. ఫిట్ ఆగగానే "తగ్గింది" అనుకుని లైటు ఆర్పి పడుకోకూడదు. మొహం దిండులో కూరుకుపోకుండా చూసి, పేరు పెట్టి పిలుస్తూ, తట్టి లేపుతూ, బదులు పలికేదాకా పక్కనే కూర్చోవాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి. ఎన్‌సీసీలోనో కాలేజీలోనో ఎవరో ఒకరు నేర్పుతారు, నేర్చుకోమనండి.

చేతికి కట్టుకునే వాచీలు అడిగారు కొందరు. చెయ్యి కొట్టుకోవడాన్ని పసిగట్టి ఇంటివాళ్ల ఫోనుకి కబురు పంపే పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. కబురు అందినా లేచి వచ్చే మనిషి ఉండాలిగా. అవి మరణాలను తగ్గిస్తాయని ఇంకా రుజువు కాలేదు. డబ్బుంటే కొనండి, దాన్ని నమ్ముకుని తోడు మానేయకండి.

"నేను మందుల షాపు నడుపుతాను. ఫిట్స్ మాత్రలు నెలకు సరిపడా కొనేవాళ్లు తక్కువ. పది రోజులకు కొని ఇరవై రోజులకు వస్తారు. దీక్షల్లో, ఉపవాసాల్లో మానేస్తారు. నాలుగు నెలలు ఫిట్స్ రాకపోతే ఇక రావడం మానేస్తారు. ఇది అంత ప్రమాదమా, లేక నేను వ్యాపారం కోసం చెప్తున్నట్టు ఉంటుందా?" (కావలి)

వ్యాపారం కోసమే అనుకున్నా పరవాలేదు, చెప్పండి. మందులకు లొంగని ఫిట్స్ ఉన్నవారి మీద జరిగిన 112 ప్రయోగాలను కలిపి 2011లో లెక్క చూశారు. వాళ్లందరూ పాత మందులు వాడుతూనే ఉన్నారు. కొందరికి అదనంగా పని చేసే మందు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చారు. సరైన మోతాదులో అసలు మందు పడినవాళ్లలో సూడెప్ మరణాలు ఏడు రెట్లకు పైగా తక్కువ. ఈ లెక్క మీ కౌంటరు దగ్గర అంటించుకోవచ్చు.

మానడం ఒక్కటే కాదు, నిద్ర కూడా. శివరాత్రి జాగారం, అర్ధరాత్రి ముహూర్తం పెళ్లి, పరీక్షల ముందు నైటౌట్. నా ఓపీకి మర్నాడు ఎవరు వస్తారో ముందే ఊహించగలను. దీక్షలో ఉన్నవాళ్లకి నేను చెప్పే మాట: స్వామీ, మాత్ర ఆహారం కాదు, గుటకెడు నీళ్లతో వేసుకుంటే ఉపవాసం చెడదు. రంజాన్ ఉపవాసం ఉండేవారు మాత్రం ముందుగానే డాక్టరును అడిగి వేళలు మార్చుకోవాలి. కొన్ని మందులు రోజుకొకసారి వేసుకునే రకంలో దొరుకుతాయి.

కంపెనీ మార్చి ఇచ్చేటప్పుడు కొంచెం జాగ్రత్త. ఫెనిటోయిన్ లాంటి మందుకి రక్తంలో మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది. ఒక కంపెనీది బాగా నడుస్తుంటే అదే తెప్పించి ఉంచండి. మందు మానడం ఎప్పుడన్నది సాధారణంగా రెండేళ్లు, అంతకు మించి ఫిట్స్ లేకపోయాక డాక్టరు తేల్చే విషయం. ఆపినా కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలి.

"మా చెల్లెలు 2009లో, పెళ్లయిన ఏడాదికే, అత్తగారింట్లో నిద్రలో చనిపోయింది. 24 ఏళ్లు. ఫిట్స్ సంగతి దాచి పెళ్లి చేశాం. మాత్రలు బీరువాలో చీరల కింద దాచుకుని వేసుకునేదట. గుండెపోటు అని రాసిచ్చారు. పోస్ట్‌మార్టం వద్దన్నాం. అమ్మ ఇప్పటికీ వాళ్లే ఏదో చేశారంటుంది. ఇప్పుడు నిజం తెలుసుకునే దారి ఉందా?" (ఒక అన్న, సిద్దిపేట)

కచ్చితంగా చెప్పే దారి లేదు బాబూ. పరిశోధకులు ఇలాంటి మరణాలను మూడు రకాలుగా విడదీస్తారు. పోస్ట్‌మార్టం జరిగి వేరే కారణం దొరకకపోతే అది నిశ్చయం. పోస్ట్‌మార్టం జరగకపోయినా మిగతా లక్షణాలన్నీ సరిపోతే బహుశా సూడెప్. ఇంకో కారణం కూడా ఉండే వీలుంటే సందేహం. మీ చెల్లెలి మరణం, మీరు రాసిన వివరాలను బట్టి, రెండో రకంలోకి రావచ్చు. ఆరోగ్యంగా ఉన్న 24 ఏళ్ల అమ్మాయికి నిద్రలో గుండెపోటు అనేది అంతకంటే తక్కువ నమ్మదగ్గ మాట. మీ అమ్మగారికి ఈ పేజీ చదివి వినిపించండి. ఎవరూ ఏమీ చేయకుండానే ఇలా జరుగుతుంది.

గుండెపోటు అని రాసిన ప్రతి కాగితం వల్ల ఒక మరణం లెక్కలోంచి జారిపోతుంది. లెక్క తగ్గితే పరిశోధనకు డబ్బు తగ్గుతుంది. ఉత్తర అమెరికాలో ఇలాంటి మరణాలకు ప్రత్యేక రిజిస్ట్రీ ఉంది. న్యూయార్క్ న్యూరాలజిస్టు ఓరిన్ డెవిన్స్‌కీ లాంటివాళ్లు చనిపోయినవారి ఇంటివాళ్లతో మాట్లాడి, మెదడు, రక్తం నమూనాలు భద్రపరిచి, జన్యువులు చూస్తున్నారు. మన దగ్గర ఊళ్లలో చావు కబురు దహనం దాకానే నడుస్తుంది. ఆ పైన కాగితం అడిగేవాడు బ్యాంకువాడో బీమావాడో.

ఇక దాచడం గురించి. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లిని రద్దు చేయమని అడిగే వీలును 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తీసేశారు. చట్టం మారి ఇన్నేళ్లయినా సంబంధాలు చూసేటప్పుడు నోరు విప్పరు. నాకు కోపం మీ మీద కాదు. చీరల కింద మాత్రలు దాచుకోవాల్సి వచ్చిన ఆడపిల్ల ఒక పూట వేసుకోలేకపోయిందంటే తప్పు ఆమెది కాదు కదా. ఇప్పుడు పెళ్లీడు పిల్లలున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, పెళ్లిచూపుల్లోనే చెప్పండి. ఆ రాత్రి పక్కన పడుకునేవాడికి ఏం చేయాలో తెలిసి ఉండాలి. సూడెప్ ఒక్కటే కాదు, నీళ్లు కూడా. ఫిట్స్ ఉన్నవాళ్లు నీట మునిగి చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే 15 నుంచి 19 రెట్లని 2008 నాటి ఒక అధ్యయనం తేల్చింది. కాలువ ఒడ్డున బట్టలుతకడం, బావి దగ్గర ఒంటరిగా స్నానం, ఇవి ఇంట్లోవాళ్లకి తెలియకపోతే ఎవరు ఆపుతారు?

"ప్రభుత్వ బడిలో టీచర్‌ని, 34 ఏళ్లు. జీవితంలో మొదటిసారి పాఠం చెప్తుండగా ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారైలో ముందు భాగంలో గడ్డ, లో గ్రేడ్ గ్లయోమా అన్నారు. ఆపరేషన్ అంటున్నారు. తల తెరిస్తే మనిషి పనికిరారని మా అత్తగారి వైపు వాళ్లు భయపెడుతున్నారు. గడ్డకీ ఫిట్స్‌కీ ఏమిటి సంబంధం? కొత్త మందులున్నాయా?" (కరీంనగర్)

టీచరమ్మా, గ్లయోమా అంటే నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల్లోంచి పుట్టే గడ్డ, లో గ్రేడ్ అంటే నెమ్మదిగా పెరిగేది. ఈ రకం గడ్డ బయటపడేది చాలావరకు ఫిట్స్ వల్లనే. నెమ్మదిగా పెరిగే గ్లయోమాల్లో నూటికి 60 నుంచి 90 మందికి ఫిట్స్ వస్తాయి. వేగంగా పెరిగే గ్లయోబ్లాస్టోమాలో అంతకంటే తక్కువ. తలనొప్పి, వాంతులు, కాలు లాగడం మొదలయ్యేదాకా ఆగకుండా మీది ముందే దొరికింది.

గడ్డ పక్కనున్న మెదడును నొక్కడం వల్ల ఫిట్స్ వస్తాయని మేం చదువుకునే రోజుల్లో చెప్పేవారు. ఇప్పుడు కథ చాలా మారింది. గ్లయోమా కణాలు గ్లుటమేట్ అనే రసాయనాన్ని బయటికి వదులుతాయి. మెదడు కణాలను ఉత్తేజపరిచేది అదే. లో గ్రేడ్ గ్లయోమాల్లో ఎక్కువవాటికి ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. దాని వల్ల తయారయ్యే ఇంకో పదార్థం రూపంలో గ్లుటమేట్‌ను పోలి ఉంటుంది, అదీ పక్క కణాలను రెచ్చగొడుతుంది. అంతటితో ఆగలేదు. 2019 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే బృందం, జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో ఫ్రాంక్ వింక్లర్ బృందం ఒకేసారి 'నేచర్' పత్రికలో ప్రకటించిన సంగతి మా అందరినీ కుర్చీల్లోంచి లేపింది. గడ్డ కణాలు మామూలు నాడీకణాలతో నిజమైన సినాప్స్‌లు, అంటే అతుకులు, ఏర్పరచుకుంటున్నాయి. మెదడు పని చేస్తుంటే వచ్చే సంకేతాలను అందుకుని అవి పెరుగుతున్నాయి. వీధి తీగకు కొక్కెం తగిలించి కరెంటు లాక్కునే బాపతన్నమాట. ఫిట్స్ గడ్డకు మేతవుతున్నాయి, గడ్డ ఫిట్స్‌ను పెంచుతోంది. ఈ పనికి మోంజే, వింక్లర్‌లిద్దరికీ కలిపి 2025లో, మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఫిట్స్ తగ్గించే మందులే గడ్డ పెరుగుదలనూ అడ్డుకుంటాయా అని ఇప్పుడు ప్రయోగాలు నడుస్తున్నాయి. ఫలితాలు తేలేవరకు ఆ ఆశతో మందు మార్చమని మీ డాక్టరును వేధించకండి.

కొత్త మందు అడిగారు. ఐడీహెచ్ మార్పు ఉన్న, నెమ్మదిగా పెరిగే (గ్రేడ్ 2) గడ్డలకు వోరాసిడెనిబ్ అనే మాత్ర వచ్చింది. ఆపరేషన్ అయ్యాక, వెంటనే రేడియేషన్ అవసరం లేని 331 మంది మీద చేసిన ప్రయోగం 2023లో వచ్చింది. గడ్డ మళ్లీ పెరగకుండా గడిచిన కాలం మందు వేసుకున్నవారిలో సగటున 27.7 నెలలు, ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 11.1 నెలలు. అమెరికాలో 2024 ఆగస్టులో అనుమతి దొరికింది. ధర మాత్రం టీచరు జీతానికి అందేది కాదు. ఇది ఆపరేషన్‌కు బదులు కాదని గమనించండి. గడ్డ తీసి, దాన్ని పరీక్షకు పంపి, ఐడీహెచ్ మార్పు ఉందో లేదో చూశాకే ఈ మాట.

తల తెరిస్తే పనికిరారన్న మాట ఎవరన్నారో గానీ, వాళ్లను నా దగ్గరికి పంపండి. మాట, కదలిక ఉండే చోట్లకు దగ్గరగా గడ్డ ఉంటే రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, అంకెలు లెక్కపెట్టిస్తూ తీస్తారు. మెదడుకు నొప్పి తెలియదు. ఎంత ఎక్కువ గడ్డ తీయగలిగితే ఫిట్స్ ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇబ్బందులు ఉండవని కాదు. ముందు భాగం కాబట్టి కొన్నాళ్లు చురుకుదనం తగ్గొచ్చు, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాకపోవచ్చు. మీ సర్జన్‌ని మూడు ప్రశ్నలు అడగండి: ఎంత భాగం తీయగలరు, ఏ పని దెబ్బతినే వీలుంది, గడ్డకు జన్యు పరీక్షలు ఎక్కడ చేయిస్తారు.

ఫిట్స్‌కి మీకు లెవెటిరాసెటమ్ ఇచ్చి ఉంటారు. మిగతా మందులతో అది పెద్దగా గొడవపడదు కాబట్టి గడ్డలున్నవారికి ఎక్కువగా అదే ఇస్తాం. ఫెనిటోయిన్, కార్బమజెపీన్ అయితే కొన్ని కీమో మందుల బలాన్ని తగ్గిస్తాయి. లెవెటిరాసెటమ్‌తో కొందరికి విపరీతమైన చిరాకు, కోపం వస్తాయి. పిల్లల మీద, మీవారి మీద విరుచుకుపడుతుంటే అది మీ స్వభావం కాదు, మాత్ర. డాక్టరుకు చెప్తే మారుస్తారు.

"మా పాపకు 12 ఏళ్లు. ఫిట్స్ వస్తే సీటీ తీశారు. మెదడులో ఉంగరంలాంటి చిన్న గడ్డ ఉందన్నారు. క్యాన్సరా? మేం గుడ్డు కూడా తినం." (టెక్కలి)

చాలామటుకు కాదు. మన దేశంలో పిల్లలకు ఫిట్స్ వచ్చి, సీటీలో రెండు సెంటీమీటర్లలోపు ఒకే ఒక ఉంగరం కనిపిస్తే అది ఎక్కువగా బద్దెపురుగు పిల్లదశ, న్యూరోసిస్టిసెర్కోసిస్. ఒకప్పుడు వీటన్నిటినీ టీబీ గడ్డలనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించేవారు. 1980ల చివర్లో వెల్లూరు సీఎంసీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం వాటిని తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఎక్కువవాటిలో పురుగు కనపడింది. ఎన్నో తలలు కత్తికి గురికాకుండా మిగిలాయి.

పంది మాంసం తిన్నవాళ్లకే వస్తుందనుకోవడం పొరపాటు. పురుగు పిల్లలున్న మాంసం సరిగా ఉడకకుండా తింటే పేగుల్లో పురుగు పెరుగుతుంది. మెదడులో ఈ జబ్బు తెచ్చేవి మాత్రం ఆ పురుగు పెట్టే గుడ్లు. పేగుల్లో పురుగున్న మనిషి మలం నుంచి నీళ్లకు, పచ్చికూరలకు, కడగని చేతులకు, అక్కడినుంచి శాకాహారి నోటికి. పురుగుల మందు ఆల్బెండజోల్ షాపులో కొని సొంతంగా వేయకండి. పురుగులు ఎక్కువగా ఉంటే మందు పడగానే మెదడు వాస్తుంది. డాక్టరు స్టెరాయిడ్‌తో కలిపి, చూసుకుంటూ ఇస్తారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీస్తారు, చాలామందిలో ఉంగరం మాయమవుతుంది. పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం.

"సెల్‌ఫోన్ ఎక్కువ మాట్లాడితే మెదడులో ట్యూమర్ వస్తుందా?" (ఖమ్మం, ఇంకా చాలా ఊళ్లు)

ఆధారం లేదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'అవకాశం ఉండొచ్చు' అన్న జాబితాలో పెట్టిన మాట నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టిన సమీక్ష 2024లో వచ్చింది. ఫోన్‌కీ మెదడు ట్యూమర్లకీ సంబంధం కనపడలేదు. ఫోన్ చూస్తూ రోడ్డు దాటితే మాత్రం తల పగులుతుంది, దానికి ఆధారాలు రోజూ క్యాజువాల్టీకి వస్తాయి.

"రిటైర్డ్ లెక్చరర్‌ని. చిన్నప్పటినుంచి ఫిట్స్ ఉన్నాయి, ఈమధ్య చిన్న ట్యూమర్ తీయించుకున్నాను. పోయాక నా మెదడు పరిశోధనకు పనికొస్తుందా? ఎవరికివ్వాలి?" (రాజమహేంద్రవరం)

పనికొస్తుంది మాస్టారూ, ఎంతో. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాల బ్యాంకు నడుస్తోంది. వాళ్లకు ముందే రాసి, కాగితాలు తెప్పించుకోండి. మెడికల్ కాలేజీకి దేహదానం చేయడం, ఇది వేర్వేరు. దేహదానంలో శరీరం అనాటమీ విద్యార్థులకు వెళ్తుంది, మెదడు విడిగా భద్రపరచరు. మెదడు కణజాలం త్వరగా పాడవుతుంది కాబట్టి మరణం తర్వాత కొన్ని గంటల్లోనే తీయాలి. మీ ఊరు బెంగళూరుకు దూరం. ఆ సమయంలో ఎవరు ఫోన్ చేయాలి, ఎక్కడ తీస్తారు అన్నది వాళ్లతో ముందుగా మాట్లాడుకోవాలి. సంతకం మీరు పెట్టినా చివరికి ఒప్పుకోవాల్సింది పిల్లలు. వాళ్లతో భోజనాల దగ్గర ఒకసారి విషయం ఎత్తండి, అలిగితే మళ్లీ ఎత్తండి.

ఈలోగా చేయగలిగినది ఒకటుంది. ఆపరేషన్‌లో తీసిన మీ ట్యూమర్ ముక్కలు ఆ ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో మైనపు దిమ్మల్లో ఉంటాయి. కొన్నేళ్ల తర్వాత పాతవాటిని తీసేస్తారు. బయాప్సీ రిపోర్టు మీద ఉన్న నంబరు చూపించి, పరిశోధనకు వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదని రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక దిమ్మ, రెండు స్లైడ్లు అడిగి మీ దగ్గరా ఉంచుకోండి. రేపు గడ్డ మళ్లీ కనపడితే కొత్త జన్యు పరీక్షలకు అవే కావాలి. మందుల అలమారలో కాదు, ఎండ తగలని డబ్బాలో పెట్టండి.